మూవర్స్ చేతిలో లేత్ కిందపడింది: సంతకం పెట్టాలా, ముందు నడిపి చూడాలా?

జవాబు ముందే చెప్పేస్తున్నాను, కారణాలు తర్వాత. ఇక ఎలాంటి క్లెయిమూ లేదని మూవర్స్ రాసిమ్మంటున్న ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మెషిన్‌కు కరెంటు ఇవ్వకండి. ఇవాళ ఈ రెండూ ఆపగలిగితే మిగతావన్నీ సర్దుకోవడానికి టైం ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి జరిగిపోయినా నేను కింద రాసేదాంట్లో సగం మీకు పనికిరాదు.

మీరు రాసిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. ఒకే ఊళ్లో వర్క్‌షాపు మారుస్తుంటే టన్ను పైచిలుకు బరువున్న లేత్‌ను (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే మెషిన్‌ను) లారీ వెనక లిఫ్ట్ ప్లేటు మీదుగా దించారు, అది ఒరిగి పక్కకు పడింది. ఏప్రన్ (టూల్ బండి ముందుండే పెట్టె) హ్యాండ్‌వీల్ విరిగింది, ఒక గేర్ లివర్ వంగింది, చివర ఉండే గేర్ కవర్ పగిలింది. మూవర్స్ వాళ్లు హ్యాండ్‌వీల్, కవర్ కొనిస్తాం, రంగు వేయిస్తాం, కిరాయిలో సగం తగ్గిస్తాం అంటున్నారు, దానికి బదులుగా ఇక ఎలాంటి క్లెయిమూ లేదని రాసిమ్మంటున్నారు. దాంతోపాటు తెచ్చిన మిల్లింగ్ మెషిన్ (తిరిగే కట్టర్‌తో లోహాన్ని చెక్కేది) బాగానే వచ్చినట్టుంది కానీ దాన్ని టేబుల్ కింద బెల్టులు వేసి లేపారు.

వాళ్లు లెక్కగడుతున్నదంతా కంటికి కనబడే నష్టం. హ్యాండ్‌వీల్, లివర్, కవర్ ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, దొరక్కపోతే చేయించుకోవచ్చు. లేత్‌కు విలువ తెచ్చేది బెడ్ (అన్నీ కూర్చునే పొడవాటి పీఠం), హెడ్‌స్టాక్ (ఒక చివర ఉండే గేర్ల పెట్టె), స్పిండిల్ (అందులో తిరిగే ఇరుసు) ఒకదానికొకటి ఏ వరసలో కూర్చున్నాయన్నది, ఆ వరసను మిల్లీమీటరులో వందో వంతుల్లో చూస్తారు. టన్ను బరువు పక్కకు పడితే ముందు దెబ్బతినేది అదే, పైగా రంగు కూడా చెక్కుచెదరకుండా దెబ్బతింటుంది. కాబట్టి కొలతలు చేతికి వచ్చేదాకా ఎంత నష్టం జరిగిందో మీకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. ఎంతో తెలియని నష్టానికి రాజీ రాసివ్వమని అడగడమే అన్యాయం, ఆ మాట వాళ్లతో మొహమాటం లేకుండా అనండి.

ఒకసారి నడిపి చూస్తే తేలిపోతుంది కదా అని మీరడిగారు. తేలదు, ఇంకా పాడవుతుంది. పక్కకు పడుకున్న మెషిన్‌లో హెడ్‌స్టాక్ ఆయిల్ కారిపోయి ఉండొచ్చు, ఆ కారిన ఆయిల్ మోటారులోకో ప్యానెల్‌లోకో చేరి ఉండొచ్చు. ప్యానెల్‌లో కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) ఊడి వేలాడుతున్నా, వైరు తెగినా తలుపు మూసి ఉంటే తెలియదు. గేర్ పన్ను ఒకటి విరిగి ముక్క అడుగున పడి ఉందనుకోండి, ఒక్క నిమిషం తిప్పితే చాలు, అది మిగతా గేర్ల మధ్య పడి వాటినీ విరగ్గొడుతుంది. ఆ తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి అడిగే మొదటి ప్రశ్నే "పడ్డాక నడిపారా?" అని. నడిపాం అన్నారా, గేర్‌బాక్స్ నష్టమంతా మీ నెత్తిన వేయడానికి వాళ్లకు దారి దొరికినట్టే. ఇంకొక సంగతి, ఇది పడిన మెషిన్‌కే కాదు, చోటు మారిన ఏ మెషిన్‌కైనా వర్తిస్తుంది: కొత్త చోట త్రీ ఫేజ్ కనెక్షన్‌లో రెండు వైర్లు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. మీది చక్‌ను (పని ముక్కను పట్టి ఉంచే బిగింపును) మర మీద బిగించే పాత రకం స్పిండిల్ అయితే, అలా వెనక్కి తిరగగానే చక్ విప్పుకుని ఊడిపడొచ్చు. అందుకే కరెంటు ఇచ్చే రోజు వచ్చినప్పుడు కూడా ముందు చక్ తీసేసి, మోటారు ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) పరీక్ష చేయించి, తర్వాతే స్విచ్ వేయండి.

ఇవాళ చేయాల్సింది ఫోటోల పని. మెషిన్ ఇంకా పడ్డచోటే ఉంటే కదిలించక ముందే అన్ని వైపుల నుంచీ తీయండి, దూరం నుంచి కొన్ని, దగ్గర నుంచి కొన్ని. లిఫ్ట్ ప్లేటు, దాని మీద రాసి ఉన్న బరువు పరిమితి, వాళ్లు వాడిన బెల్టులు, పాలెట్, నేల మీద పడ్డ గుంట, కారిన ఆయిల్ మరక, లారీ నంబరు, అన్నీ. ప్లేటు పరిమితి మెషిన్ బరువు కన్నా తక్కువని తేలితే మీ కేసులో అంతకన్నా బలమైన ఫోటో ఇంకోటి ఉండదు. విరిగిన ముక్కలు ఒక్కటి కూడా పారేయకండి, వాళ్లు "మేం తీసుకెళ్లి సరిగ్గా అదే సైజు తెస్తాం" అన్నా ఇవ్వకండి.

దించిన పనివాళ్ల మీద అరవకండి. వాళ్లు చెప్పేదే మీకు కావాలి. ఏ వైపు ఒరిగింది, ముందు ఏ మూల నేలకు తగిలింది, ఎంత ఎత్తు నుంచి, టెయిల్‌స్టాక్‌ను (రెండో చివర బెడ్ మీద జరిగే ఆసరాను) బిగించారా వదిలేశారా, ఇవన్నీ మొదటి రోజు వాళ్లు ఉన్నదున్నట్టు చెప్తారు, రెండు రోజులు పోయాక ఆఫీసు నేర్పిన మాట చెప్తారు. లేత్‌లో బరువంతా హెడ్‌స్టాక్ వైపు, పైభాగంలో ఉంటుంది, కింద కాళ్లు సన్నగా ఉంటాయి, కాబట్టి అది పడ్డప్పుడు దాదాపు ఎప్పుడూ హెడ్‌స్టాక్ మూలే గట్టిగా తగులుతుంది. ఏ మూల తగిలిందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలిసినట్టే.

ఇక బీటల సంగతి. పోత ఇనుము వంగదు, పగులుతుంది, ఆ పగులు తల వెంట్రుకంత సన్నగా ఉండి కంటికి ఆనదు. అనుమానం ఉన్న చోట కిరోసిన్ రాసి పావుగంట వదిలేయండి, పొడిగుడ్డతో బాగా తుడవండి, తర్వాత సుద్దపొడి పల్చగా అద్దండి. బీట ఉంటే లోపల దూరిన కిరోసిన్ మెల్లగా పైకి ఊరి తెల్లటి సుద్దలో సన్నని తడిగీతలా బయటపడుతుంది. ఇంకా పక్కాగా కావాలంటే డై పెనెట్రెంట్ (బీటలోకి దూరే ఎర్ర రంగు) స్ప్రేలు ఉన్నాయి, క్లెయిమ్ కోసమైతే దాంతో తీసిన ఎర్రగీత ఫోటోకే విలువ ఎక్కువ. చూడాల్సిన చోట్లు: హెడ్‌స్టాక్‌ను బెడ్‌కు బిగించే బోల్టుల చుట్టూ, బెడ్ కాళ్ల మూలలు, ఏప్రన్ పోత, లీడ్ స్క్రూ (టూల్ బండిని నడిపే పొడవాటి మర) చివరి బ్రాకెట్, మోటారు బిగించే ప్లేటు, టెయిల్‌స్టాక్ అడుగు. పాత మెషిన్ల మీద రంగు కింద లప్పం మందంగా ఉంటుంది, పడ్డప్పుడు అది పెచ్చులుగా పగులుతుంది, దాన్ని చూసి బెడ్ పగిలిందని కంగారు పడకండి. అక్కడ లప్పం గీకి అసలు ఇనుము చూడాలి. ఆ గీకడం మాత్రం వీడియో తీస్తూ చేయండి, లేదంటే మీరే పాడు చేశారంటారు.

"ఆ బీట ముందు నుంచే ఉంది" అనే మాట తప్పకుండా వస్తుంది. అప్పుడు విరిగిన ముఖమే సాక్ష్యం. కొత్తగా విరిగిన పోత ఇనుము లోపల లేత బూడిదరంగులో, గరుకుగా, సన్నటి గింజలు మెరుస్తూ ఉంటుంది. పాత పగులైతే లోపల నూనె నల్లగా పట్టి ఉంటుంది, లేదా తుప్పు ఉంటుంది. ఈ మెరుపు ఎక్కువ రోజులు ఆగదు, గాలి తేమకే తుప్పు మొదలవుతుంది. కాబట్టి ఈ ఫోటో ఇవాళే, మంచి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి తీయండి, తీశాకే పల్చగా నూనె రాయండి.

తర్వాత చేత్తో తిప్పి చూసే పని, కరెంటు లేకుండా. గేర్లు న్యూట్రల్‌లో పెట్టి స్పిండిల్‌ను మెల్లగా తిప్పండి. ప్రతి చుట్టులోనూ ఒకేచోట పట్టేసినట్టో, సన్నగా టిక్కుమన్నట్టో అనిపిస్తే బేరింగ్ రేసులో (రోలర్లు తిరిగే రింగులో) గుంటలు పడి ఉండొచ్చు. దెబ్బ తగిలిన క్షణంలో రోలర్లు రేసులోకి నొక్కుకుపోయి ఈ గుంటలు పడతాయి. మొదట్లో శబ్దం పెద్దగా ఉండదు, కొన్ని నెలలు పోయాక జాబ్ (చెక్కే ముక్క) మీద అలల్లాంటి గుర్తులు మొదలవుతాయి, అప్పటికి మీ సంతకం పెట్టిన కాగితం వాళ్ల దగ్గర భద్రంగా ఉంటుంది. లీడ్ స్క్రూ, ఫీడ్ రాడ్ కూడా ఇలాగే, హాఫ్ నట్ (మరను పట్టుకునే రెండు ముక్కల నట్) విడిపించి తిప్పుతూ మధ్యలో డయల్ గేజ్ (సన్నటి తేడాలు ముల్లుతో చూపే కొలత పరికరం) ఆనించి చూడండి. ఇవి ఉక్కువి, పగలవు కానీ వంగుతాయి. మెషిన్ పడినప్పుడే వంగాలని కూడా లేదు, బెడ్ చుట్టూ బెల్టు వేసి లేపేటప్పుడు చెక్క అడ్డం పెట్టకపోతే ఆ బెల్టే వీటిని లోపలికి నొక్కి వంచేస్తుంది.

అసలు కొలతల దగ్గరికి వద్దాం. లేత్‌ల కచ్చితత్వం చూడటానికి ఐఎస్ఓ 1708 అనే ప్రమాణం ఉంది. దాని వెనక ఉన్నవి 1927లో జర్మన్ ప్రొఫెసర్ గియోర్గ్ ష్లెసింగర్ ఒక క్రమంలో పెట్టిన పరీక్షలే. మీ మెషిన్ కొన్నప్పుడు దాంతోపాటు టెస్ట్ చార్ట్ వచ్చి ఉంటే వెతకండి, ఫ్యాక్టరీలో కొలిచిన అంకెలు అందులో ఉంటాయి, అది దొరికితే సగం వాదన తప్పుతుంది. కొలిచేవాడు మీ స్నేహితుడు కాకుండా మెషిన్ టూల్ రిపేర్ చేసే మెకానిక్‌నో, ఆ పనికి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థనో పిలవండి, రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. ఆ ఖర్చు బిల్లు కూడా క్లెయిమ్‌లో పెట్టాలి.

ఇక్కడ ఒక్కటి చాలా ముఖ్యం, దీంట్లోనే చాలామంది దెబ్బతింటారు. కొలిచే ముందు మెషిన్‌ను నిలబెట్టి, మీటరుకు 0.02 మిల్లీమీటర్లు చూపించే మాస్టర్ లెవెల్‌తో రెండు చివర్లా లెవెల్ చేయాలి. సరిగ్గా కూర్చోబెట్టని లేత్ బెడ్ తన బరువుకే మెలి తిరుగుతుంది. లెవెల్ చేయకుండా కొలిచి "బెడ్ తిరిగిపోయింది" అని రాస్తే, వాళ్ల ఇంజనీరు వచ్చి కింద రెండు బోల్టులు సర్ది మెలి తీసేసి చూపిస్తాడు, ఆ తర్వాత మీ రిపోర్టులో మిగతా నిజాలను కూడా ఎవరూ నమ్మరు. లెవెల్ చేశాక కూడా మెలి పోకపోతే అప్పుడది నష్టం.

లెవెల్ అయ్యాక స్పిండిల్ టేపర్‌లో (కోసుగా ఉండే రంధ్రంలో) టెస్ట్ బార్ అనే కచ్చితమైన రాడ్ పెట్టి, క్యారేజ్ (బెడ్ మీద జరిగే టూల్ బండి) మీద డయల్ గేజ్ నిలిపి చూస్తారు. స్పిండిల్ ముక్కు దగ్గర ఊగిసలాట మంచి లేత్‌లో 0.01 మిల్లీమీటరు చుట్టుపక్కల ఉండాలి. అక్కడ ఎక్కువుంటే స్పిండిల్ గానీ బేరింగ్ గానీ దెబ్బతిన్నట్టు. తర్వాత 300 మిల్లీమీటర్ల పొడవునా క్యారేజ్ జరుపుతూ బార్ బెడ్‌కు సమాంతరంగా ఉందా అని చూస్తారు. బార్ చివర కొద్దిగా పైకీ, టూల్ వైపుకీ ఉండటం మామూలే, ఫ్యాక్టరీలో కావాలనే అలా పెడతారు, అది కూడా వందో వంతు రెండు మించి ఉండదు. వెనక్కో కిందికో పోయిందంటే హెడ్‌స్టాక్ జరిగింది. జరగడం ఒకటి, పగలడం ఒకటి. కొన్ని మెషిన్లలో హెడ్‌స్టాక్ బోల్టులు వదులు చేసి సర్దుకోవచ్చు, కాబట్టి జరిగిందని తెలియగానే మెషిన్ పోయిందని అనుకోవద్దు, దాన్ని సరిచేసే కూలి క్లెయిమ్‌లో కలపండి. ఇవన్నీ బాగుండి కరెంటు ఇచ్చాక చివర్న, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా ఒక లావు రాడ్ పట్టి రెండు చోట్ల పల్చటి కట్ తీసి వ్యాసాలు కొలవండి, రెండూ ఒక్కటిగా వస్తే మీ మెషిన్ బతికినట్టే.

ఇప్పుడు కాగితాలు. డెలివరీ రసీదు మీద ఇంకా సంతకం పెట్టకపోతే, "చూసిన తర్వాత చెప్తాం" అని పొడిగా రాయకండి, అలాంటి మాటలకు విలువ ఇవ్వరు. "లేత్ లిఫ్ట్ ప్లేటు మీద నుంచి ఎడమ వైపు పడింది, హ్యాండ్‌వీల్ విరిగింది, గేర్ కవర్ పగిలింది, లోపలి నష్టం ఇంకా చూడలేదు" అని, జరిగింది జరిగినట్టు రాసి, డ్రైవరు చేత సంతకం పెట్టించుకుని ఫోటో తీసుకోండి. మామూలుగానే పెట్టేసి ఉంటే కూడా దారి మూసుకుపోలేదు, ఇవాళే రాతపూర్వకంగా నోటీసు పంపండి. కనబడని నష్టానికి కూడా గడువులుంటాయి, అవి చాలా చిన్నవి. దేశాల మధ్య రోడ్డు రవాణాకు వర్తించే సీఎంఆర్ ఒప్పందంలో అది ఆదివారాలూ సెలవులూ పోను 7 రోజులు, ఓడల మీద సరుకుకు వర్తించే హేగ్-విస్బీ నియమాల్లో 3 రోజులు. మీది ఒకే ఊళ్లో మార్పు కాబట్టి ఈ రెండూ మీకు నేరుగా వర్తించవు, మీ చట్టమూ మీ కాంట్రాక్టూ చెప్పే గడువే లెక్క, కానీ గడువు ఎంతైనా మొదటి రెండు మూడు రోజుల్లో నోటీసు పంపేస్తే ఎక్కడా చిక్కు రాదు. ఫోన్‌లో చెప్పింది నోటీసు కాదు, మెయిల్ పెట్టండి.

ఆ కాంట్రాక్టు వెనక పేజీ ఒకసారి చదవండి, అక్షరాలు ఎంత చిన్నవైనా సరే. మూవర్స్ బాధ్యతను చాలాచోట్ల వస్తువు విలువను బట్టి కాకుండా కిలోల లెక్కన కట్టేస్తారు. సీఎంఆర్‌లో కిలోకు 8.33 ఎస్‌డీఆర్, అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి విలువ కట్టే యూనిట్లు, హేగ్-విస్బీలో కిలోకు 2 లేదా ఒక్కో ప్యాకేజీకి 666.67, ఏది ఎక్కువైతే అది. టన్ను లేత్‌కు మొదటి లెక్కన 8,330 వస్తే రెండో లెక్కన 2,000 వస్తుంది, ఒకే మెషిన్‌కు ఇంత తేడా. బరువైన లేత్‌కు ఈ పద్ధతిలో ఎంతోకొంత గిట్టుతుంది. అదే రోజు అదే లారీలో వచ్చిన ఇరవై కిలోల డివైడింగ్ హెడ్ (జాబ్‌ను సమాన భాగాలుగా తిప్పే పరికరం) పాడైతే మాత్రం చేతికి దాదాపు ఏమీ రాదు, దాన్ని కూడా ఇప్పుడే పెట్టె విప్పి చూసుకోండి. విలువ ముందే రాసిచ్చి ఉంటే, లేదా తప్పు కావాలని చేసినంత ఘోరమైనదని తేలితే, ఇలాంటి పరిమితులు పక్కకు పోయే వీలుంది. అందుకే బుకింగ్ అప్పుడు మెషిన్ బరువు మీరు చెప్పిన మెసేజ్ ఉంటే దాన్ని జాగ్రత్త చేయండి. బరువు తెలిసి కూడా చిన్న లిఫ్ట్ పంపారంటే వాళ్లు సమాధానం చెప్పుకోవాలి.

"మాకు ఇన్సూరెన్స్ ఉంది" అన్నారంటే అది ఏ ఇన్సూరెన్సో అడగండి. వాళ్ల బాధ్యతకు వాళ్లు తీసుకున్నది వేరు, మీ సరుకు విలువకు తీసుకునే ట్రాన్సిట్ పాలసీ వేరు. మొదటిది వాళ్లను కాపాడటానికి ఉంది. మీ షాపు పాలసీలో రవాణా కూడా ఉందేమో మీ ఏజెంట్‌ను అడగండి, ఉంటే ముందు అక్కడే క్లెయిమ్ వేయండి, మూవర్స్ నుంచి వసూలు చేసుకునే పని ఆ కంపెనీ చూసుకుంటుంది. అలాంటప్పుడు మూవర్స్‌తో రాజీ కాగితం మీద సంతకం పెడితే మీ పాలసీ క్లెయిమ్ కూడా పోవచ్చు, ఇది ఇంకో కారణం. లిఫ్ట్ నడిపింది వేరే వాళ్లనీ, వాళ్లనే అడగమనీ చెప్పినా వినకండి, మీరు ఎవరికి పని ఇచ్చారో వాళ్లకే నోటీసు.

విలువ దగ్గర ఇంకో బేరం మొదలవుతుంది: "ముప్పై ఏళ్ల మెషిన్, ఇనుము ధరకు పోయేదే కదా." మెషిన్ వయసు కాదు లెక్క, పడక ముందు రోజు అది ఎంత కచ్చితంగా పనిచేస్తోందన్నది లెక్క. మీరు ఆ లేత్ మీద చేసి ఇచ్చిన జాబుల డ్రాయింగులు, టాలరెన్సులు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు, కస్టమర్ తీసుకున్న బిల్లులు తీయండి. అదే మోడల్, అదే కండిషన్‌లో ఉన్న సెకండ్ హ్యాండ్ లేత్‌కు ఇద్దరు ముగ్గురు డీలర్ల కొటేషన్ తీసుకోండి. రిపేర్ కొటేషన్, ఈ కొటేషన్, రెండూ పక్కపక్కన పెడితే వాళ్ల ఇనుము లెక్క దానంతటదే పోతుంది. ఆగిపోయిన పనికి పరిహారం చాలా కాంట్రాక్టుల్లో ఇవ్వరు, అయినా బయట చేయించిన పనుల బిల్లులు దాచండి, బేరంలో ఉపయోగపడతాయి.

రిపేర్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. వాళ్లు పంపే వెల్డర్‌ను బెడ్ మీద, హెడ్‌స్టాక్ మీద చెయ్యి వేయనివ్వకండి. పోత ఇనుమును మామూలుగా వెల్డ్ చేస్తే ఆ వేడికి పక్కనే కొత్త బీట పుడుతుంది, లేదా బెడ్ వంకర పోతుంది, అప్పటిదాకా బాగయ్యే మెషిన్ ఇక బాగవ్వదు. బ్రాకెట్లు, కవర్లు, హ్యాండ్‌వీల్ లాంటివి బ్రేజింగ్‌తోనో (ఇత్తడి కరిగించి అతకడం), ముందుగా వేడి చేసి నికెల్ రాడ్‌తోనో అతకొచ్చు. పెద్ద పోతల్లో బీటను లోహపు కుట్లతో, వేడి లేకుండా బిగించే పద్ధతి ఉంది, దానికి తెలిసినవాళ్లే కావాలి. బెడ్ గైడ్‌ల (క్యారేజ్ జరిగే పట్టాల) కింద బీట పడితే మాత్రం నా సలహా, రిపేర్ ఆలోచన మానేసి మెషిన్ పూర్తి విలువ అడగండి. ఏదైనా సర్వేయర్ చూసే ముందు రిపేర్ చేయించకండి. ఫలానా తేదీలోపు వచ్చి చూసుకోండని మూవర్స్‌కు మెయిల్ పెట్టండి. వచ్చి చూడకపోతే అది వాళ్ల ఇష్టం, మీరు అవకాశం ఇచ్చినట్టు రికార్డు ఉంటుంది.

వాళ్ల ఆఫర్‌కు జవాబు ఇలా రాయొచ్చు: "మీరు హ్యాండ్‌వీల్, కవర్ ఇస్తామన్నందుకు సరే, కానీ ఇవి మొత్తం పరిహారంలో ఒక భాగంగానే తీసుకుంటాను. లోపలి నష్టం కొలిచి రిపోర్టు వచ్చాక మిగతాది మాట్లాడదాం. అప్పటిదాకా తుది సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం చేయను." తిట్లు వద్దు, బెదిరింపులు వద్దు. మిగతా సామాను దించమంటే ముందు మొత్తం కిరాయి కట్టండని పట్టుబడితే, కట్టేయండి, కానీ అభ్యంతరంతో కడుతున్నానని రసీదు మీద గానీ మెసేజ్‌లో గానీ రాయండి. సామాను వాళ్ల లారీలో ఇరుక్కుపోవడం కన్నా అదే నయం.

మెషిన్ ఇంకా పక్కకు పడే ఉంటే దాన్ని లేపే పని మళ్లీ అదే గుంపుకు ఇవ్వకండి. మెషిన్లు దించడమే వృత్తిగా ఉన్నవాళ్లను పిలవండి, క్రేన్‌తో, బెడ్ కింద బెల్టులు వేసి, లీడ్ స్క్రూకు తగలకుండా చెక్కలు పెట్టి, క్యారేజ్, టెయిల్‌స్టాక్ బిగించి లేపాలి. లేస్తున్నప్పుడు కింద ఎవరూ ఉండకూడదు, చెయ్యి పెట్టి ఆపుదామని ఎవరైనా ముందుకొస్తే వెనక్కి లాగండి.

మిల్లింగ్ మెషిన్‌ను కూడా ఈలోపు వదిలేయకండి. టేబుల్ కింద బెల్టు వేసి లేపితే మొత్తం బరువు టేబుల్ డవ్‌టెయిల్ (టేబుల్ జరిగే వాలు గాడి) మీదా, గిబ్ (ఆ గాడిలో వదులు తీసే పట్టీ) మీదా, టేబుల్ స్క్రూ మీదా పడుతుంది, అవి అందుకోసం చేసినవి కావు. టేబుల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు చేత్తో తిప్పుతూ ఎక్కడైనా బిగుసుకుంటోందా చూడండి, డవ్‌టెయిల్ అంచుల్లో పెచ్చులు లేచాయేమో వేలితో తడిమి చూడండి, స్పిండిల్‌కు డయల్ గేజ్ పట్టి టేబుల్ మీద గుండ్రంగా తిప్పి నాలుగు వైపులా రీడింగ్ రాసుకోండి. ఆ రీడింగ్‌లో తేడా స్పిండిల్ ఉండే హెడ్ పక్కకు తిరగడం వల్ల కూడా రావొచ్చు, హెడ్ సర్ది మళ్లీ చూసినా పోకపోతేనే అనుమానించాలి. లేత్‌కు పంపే నోటీసులోనే దీన్ని ఎలా లేపారో ఒక వాక్యం, దానికి ఒక ఫోటో చేర్చి పంపండి.